ఊటీలో మూడు రాత్రులు, పద్నాలుగు పాయింట్లు, మోకాళ్ళ నొప్పుల అమ్మ: ఏవి తీసెయ్యాలి?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో ఊటీ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు (అమ్మాయికి 11, అబ్బాయికి 6), మా అమ్మ. అమ్మకి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే భయం. సికింద్రాబాద్‌లో శబరి ఎక్కి కోయంబత్తూరులో దిగి, అక్కడి నుంచి కారులో పైకి. ఊటీలో మూడు రాత్రులు.

ట్రావెల్స్ అతను పంపిన లిస్టు ఇదీ. ఒకరోజు బొటానికల్ గార్డెన్, రోజ్ గార్డెన్, లేక్‌లో బోటింగ్, థ్రెడ్ గార్డెన్, వాక్స్ మ్యూజియం. ఇంకోరోజు దొడ్డబెట్ట, టీ ఫ్యాక్టరీ, చాక్లెట్ ఫ్యాక్టరీ, కూనూరులో సిమ్స్ పార్క్, ల్యాంబ్స్ రాక్, డాల్ఫిన్స్ నోస్. మూడోరోజు పైకారా, షూటింగ్ స్పాట్, ముదుమలై సఫారీ. మొత్తం 14.

లిస్టు చూసి మా ఆవిడ "ఇది టూరా, ఎలక్షన్ ప్రచారమా?" అంది. అమ్మ అడిగింది మాత్రం ఒక్కటే: నీలగిరి తైలం తీసే చెట్లు చూడాలట. అది లిస్టులోనే లేదు. ఏవి ఉంచాలో, ఏవి తీసెయ్యాలో చెప్పండి.

కొండదారి:
మీ ఆవిడగారు సరిగ్గా చెప్పారు.

లిస్టు కంటే ముందు తేదీలు మార్చండి. మన సంక్రాంతే వాళ్ళ పొంగల్. తమిళనాడులో అందరికీ సెలవులే కాబట్టి బండ్లన్నీ ఒకే కొండ ఎక్కుతాయి. జనవరి 26 చుట్టుపక్కల కూడా వద్దు. ఫిబ్రవరి మొదటి వారంలో సోమవారం ఎక్కి గురువారం దిగండి. పిల్లలకి నాలుగు రోజులు బడి పోతే పోనివ్వండి. ఆ నెలలో వానలు తక్కువ, ఆకాశం తేటగా ఉంటుంది.

ఇక లిస్టు. ముదుమలై కొట్టెయ్యండి. కల్హట్టి ఘాట్ దగ్గర దారే కానీ 36 హెయిర్‌పిన్ మలుపులు, పైగా దిగే వైపు బయటి బండ్లకి ఆంక్షలు. గూడలూరు మీదుగా అయితే రానూ పోనూ నూట ముప్ఫై కిలోమీటర్లు, అంతా ఘాటే. అడవి చూడాలనుంటే అడవి కోసమే ఇంకోసారి వెళ్ళండి. థ్రెడ్ గార్డెన్, వాక్స్ మ్యూజియం కూడా తీసెయ్యండి. ఊటీ దాకా వెళ్ళి మైనపు బొమ్మలెందుకండీ? రోజ్ గార్డెన్ బాగుంటుంది కానీ కొండవాలు మీద అంతస్తులు అంతస్తులుగా ఉంటుంది, అమ్మగారికి కష్టం.

బెజవాడబండి:
ఈ సలహా నాకు నచ్చదు అన్నా. ఐదుగురు, రైలు ఖర్చు, గదుల ఖర్చు... ఇంత పెట్టి వెళ్ళి కుర్చీలో కూర్చుని రమ్మంటారా? మళ్ళీ ఎప్పుడు వెళ్తారో ఏమో. మేం మూడేళ్ళ క్రితం రెండు రోజుల్లో పదిహేను చూశాం. పొద్దున్నే ఆరింటికి లేస్తే అన్నీ అవుతాయి.

కొండదారి:
పదిహేనులో ఇప్పుడు ఎన్ని గుర్తున్నాయి?

బెజవాడబండి:
ఫొటోలున్నాయి కదా.

పట్టాలపిచ్చి:
ఇంత చర్చ జరుగుతోంది, రైలు మాట ఒక్కరూ ఎత్తలేదే! లిస్టులో 14 ఉన్నాయి, నీలగిరి కొండ రైలు లేదు. ఆ ట్రావెల్స్ వాళ్ళు కారు తిప్పితేనే డబ్బులని వదిలేసి ఉంటారు.

గోదారిగట్టు గారూ, మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు. మేట్టుపాళయం దాదాపు 330 మీటర్ల ఎత్తులో ఉంటుంది, ఊటీ స్టేషన్ 2,200 మీటర్ల ఎత్తులో. మామూలు రైలు చక్రం ఇంత ఎత్తు ఎక్కలేదు, జారిపోతుంది. అందుకే కల్లార్ నుంచి కూనూరు దాకా రెండు పట్టాల మధ్యలో పళ్ళున్న పట్టా ఒకటి వేశారు. ఇంజన్ కింద ఉండే పళ్ళ చక్రం దాన్ని పట్టుకుని మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. అక్కడ వాలు ఎంతంటే పన్నెండు అడుగులు ముందుకి పోతే ఒక అడుగు పైకి. ఇంకో విశేషం, ఇంజన్ ముందు ఉండదు. కింది వైపున ఉండి పెట్టెల్ని పైకి తోస్తుంది. దిగేటప్పుడూ కింది వైపే ఉంటుంది, అంటే ఈసారి ముందుండి ఆపుకుంటూ దింపుతుంది. పెట్టెలు ఎప్పుడూ దాని భుజం మీదే ఆనుకుని ఉంటాయన్నమాట. ప్రతి పెట్టెకీ ఒక బ్రేకు మనిషి వేరే.

కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో నడిపారు. 16 సొరంగాలు, 250 వంతెనలు, 208 మలుపులు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కూనూరు దాకా ఆవిరి ఇంజన్, అక్కడి నుంచి డీజిల్.

పొద్దున 7:10కి మేట్టుపాళయంలో బయలుదేరే బండి ఊటీ చేరేసరికి దాదాపు మధ్యాహ్నం. టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, తెరిచిన రోజే అయిపోతాయి. ఇప్పుడే అలారం పెట్టుకోండి.

గోదారిగట్టు:
చదువుతుంటేనే ఎక్కాలనిపిస్తోంది. కానీ ఐదు గంటలు... అమ్మ కూర్చోగలదా?

పట్టాలపిచ్చి:
ఇది నేను ముందే చెప్పాల్సింది. సీట్లు ఇరుకు, మోకాళ్ళు ఎదుటివాళ్ళ మోకాళ్ళకి తగులుతాయి. పెట్టెలో టాయిలెట్ ఉండదు, బండి ఆగిన స్టేషన్‌లో దిగాల్సిందే. పెద్దావిడకి కూనూరు-ఊటీ ముక్క చాలు. 19 కిలోమీటర్లు, గంట ప్రయాణం, రోజుకి కొన్ని బండ్లు తిరుగుతాయి. ఈ ముక్కలో పళ్ళ పట్టా ఉండదు కానీ కేత్తి లోయ అంతా కిటికీలోంచి కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే నాకు ఈ ముక్కే ఎక్కువ ఇష్టం. అది చెబితే మా రైలు గుంపులో నన్ను వెలివేస్తారు.

ఆవిరి ఇంజన్ కూడా చూడాలంటే, మధ్యాహ్నం రెండింటికి ఊటీలో బయలుదేరే బండి మూడు దాటాక కూనూరు వస్తుంది. అక్కడ డీజిల్ తీసి ఆవిరి ఇంజన్ తగిలిస్తారు. ప్లాట్‌ఫాం టికెట్ తీసుకుని చూడండి, పిల్లలు జన్మలో మర్చిపోరు.

కొండదారి:
అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి దాకా వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఈశాన్య రుతుపవనాల వానలకి కొండచరియలు పడి ఈ రైలు తరచూ రద్దవుతుంది. దాన్ని నమ్ముకుని మిగతా ప్లాన్ అంతా కట్టొద్దు.

మందులపెట్టె:
నేను నర్సుని. ఘాట్ ప్రయాణాల గురించి రెండు మాటలు. వాంతులు అవుతాయని కొందరు ఏమీ తినకుండా ఎక్కుతారు, అదీ తప్పే. తేలిగ్గా రెండు ఇడ్లీలు తిని ఎక్కితే మంచిది. వెనక సీట్లో ఫోన్ చూడటమే సగం వాంతులకి కారణం. పిల్లల్ని కిటికీలోంచి దూరంగా చూడమనండి. మాత్ర వేసేటట్టయితే బయలుదేరడానికి అరగంట ముందు వెయ్యాలి, తల తిరగడం మొదలయ్యాక వేస్తే లాభం లేదు. పిల్లవాడికి ఎంత వెయ్యాలో మీ డాక్టర్‌ని అడగండి.

ఊటీ 2,240 మీటర్లు. ఎత్తు వల్ల ఊపిరాడకపోవడం లాంటివి సాధారణంగా 2,500 దాటాకే మొదలవుతాయి, టెన్షన్ వద్దు. అమ్మగారికి గుండె జబ్బో ఆయాసమో ఉంటే మాత్రం డాక్టర్‌కి ఒకసారి చూపించండి. చలిగా ఉంది కదా అని ఎండని తక్కువ అంచనా వెయ్యొద్దు. వెయ్యి మీటర్లు ఎక్కితే అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. మా తమ్ముడు స్వెటర్ వేసుకుని ముక్కు కాల్చుకుని వచ్చాడు.

హ్యాండ్‌బ్రేక్:
హైదరాబాద్ నుంచి సొంత కారులో వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే చదవండి. మద్రాస్ హైకోర్టు ఆదేశాలతో 2024 మే 7 నుంచి నీలగిరి జిల్లాకి వచ్చే బయటి బండ్లకి ఈ-పాస్ పెట్టారు. డబ్బు కట్టక్కర్లేదు, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బండి నంబరు ఇచ్చి తీసుకోవడమే. 2025 వేసవిలో అయితే రోజుకి ఇన్ని అని లెక్క కూడా పెట్టారు: మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 బండ్లు. బయలుదేరే ముందు ఆ రోజు నియమం ఏముందో చూసుకోండి. బస్సులో వెళ్ళేవాళ్ళకి ఈ గొడవ లేదు.

మైసూరు మీదుగా వెళ్తే బందీపూర్-ముదుమలై అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. గూగుల్ మ్యాప్ చూపించే టైముని నమ్ముకుని ఎనిమిదిన్నరకి గేటు చేరాలని పరుగెత్తకండి.

ఘాట్ దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి దిగకండి. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాలని మా నాన్న చెప్పేవాడు. బ్రేకులు కాలిన వాసన వస్తే పక్కకి ఆపి చల్లారనివ్వాలి, నీళ్ళు మాత్రం పొయ్యకూడదు. ఇరుకు చోట ఎక్కే బండికే దారి ఇవ్వాలి. ఎక్కేవాడు ఆగితే మళ్ళీ కదలడం కష్టం.

చెట్టుకొమ్మ:
గోదారిగట్టు గారూ, మీ అమ్మగారి కోరిక గురించి ఎవరూ రాయలేదు. నాకైతే మొత్తం లిస్టులో అదే ఆసక్తిగా ఉంది.

మనం నీలగిరి చెట్టు అని పిలుస్తాం కానీ అది నీలగిరిది కాదు, ఆస్ట్రేలియాది. 1840ల్లో ఆంగ్లేయులు తెచ్చి నాటారు. అప్పట్లో ఊటీలో చలి కాచుకోవడానికీ వంటకీ కట్టెలు కావాలి, ఈ చెట్టు తొందరగా ఎదుగుతుంది. తర్వాత ఆకుల నుంచి తైలం తీయడం మొదలైంది, ఆ కొండ పేరే చెట్టుకి పెట్టేసుకున్నాం. ఆకుల్ని పెద్ద పాత్రలో కుక్కి ఆవిరి పట్టిస్తారు, ఆవిరితో పాటు నూనె వస్తుంది, చల్లారాక నీళ్ళ మీద తేలుతుంది.

మన కోస్తాలో, ఖమ్మం వైపు వేసే జామాయిల్ తోటలు కూడా ఈ కుటుంబమే. రకం వేరు. ఊటీ చెట్టు ఆకు పొడవుగా కొడవలిలా వంగి ఉంటుంది, లేత ఆకులైతే గుండ్రంగా, బూడిద పూసినట్టు నీలంగా ఉంటాయి. నలిపి వాసన చూపించండి, ఆవిడకి తేడా తెలుస్తుంది.

అసలు ఆ కొండల సొంత అడవి పేరు షోలా. లోయ మడతల్లో పొట్టి చెట్లు గుబురుగా, పైన గుండ్రటి గుట్టల మీద ఒట్టి గడ్డి. ఆ గడ్డి, ఆ చెట్లే వాన నీటిని పట్టి ఉంచి వాగులకి ఏడాది పొడవునా వదిలేవి. వాటిని తీసేసి నీలగిరి, వాటిల్ చెట్లు, తేయాకు వేశారు. టూరిస్టులు "అబ్బ ఎంత పచ్చగా ఉందో" అని ఫొటోలు తీసుకునేదాంట్లో చాలా భాగం ఇలా తర్వాత వచ్చిన పచ్చదనమే. చూడొద్దని కాదు, తెలిసి చూస్తే ఇంకా బాగుంటుంది. మిగిలిన షోలా చూడాలంటే అవలాంచి వైపు వెళ్ళాలి, అటవీ శాఖ బండిలోనే లోపలికి.

రాళ్ళగంప:
అవలాంచి దారి అంటే గుర్తొచ్చింది. ముత్తొరై దగ్గర కొండవాలు మీద ఒక పెద్ద రేడియో టెలిస్కోప్ ఉంటుంది, 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. 1970 నుంచి పనిచేస్తోంది. దాన్ని ఆ కొండ మీదే ఎందుకు కట్టారంటే, ఆ వాలు సరిగ్గా అక్కడి అక్షాంశమంత, 11 డిగ్రీలు. అందువల్ల టెలిస్కోప్ పొడవు భూమి తిరిగే ఇరుసుకి సమాంతరంగా వచ్చేసింది. ఒక్క ఇరుసు మీద తిప్పితే చాలు, గంటల తరబడి ఒకే నక్షత్రాన్ని పట్టుకుని ఉండొచ్చు. కొండనే కొలతగా వాడుకున్నారు. మీ అమ్మాయికి దూరం నుంచైనా చూపించండి.

ఊళ్ళోనే ఉన్న సెయింట్ స్టీఫెన్స్ చర్చి కూడా. 1830 నాటిది. పైకప్పు దూలాలు శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మహల్ నుంచి తెచ్చినవి. జనం ఉండరు, మెట్లు తక్కువ. ఫీల్డ్ మార్షల్ మానెక్‌షా సమాధి కూడా ఊటీలోనే, పార్సీల శ్మశానవాటికలో ఉంది.

ఆవకాయజాడీ:
అందరూ జ్ఞానం చెబుతున్నారు, గది గురించి ఎవరూ చెప్పరేం? నేను చెబుతా. "లేక్ వ్యూ" అన్నారని ఒక హోటల్లో గది తీసుకున్నాం. బాత్రూం కిటికీలోంచి మెడ చాపితే లేక్ కనిపిస్తుంది. వేడినీళ్ళు పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకే, అదీ బోర్డు మీద చిన్న అక్షరాలతో రాసి ఉంది. ముందే మూడు విషయాలు అడగండి: వేడినీళ్ళు ఎంతసేపు, హీటర్‌కి విడిగా తీసుకుంటారా, రోడ్డు నుంచి గదికి ఎన్ని మెట్లు. అన్నీ కొండవాలు మీదే కట్టారు కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ అంటే నలభై మెట్లు కిందకి కూడా కావచ్చు.

కాటేజీలో వండుకునేవాళ్ళు కుక్కర్ మర్చిపోవద్దు. ఆ ఎత్తులో నీళ్ళు 92, 93 డిగ్రీలకే మరిగిపోతాయి. మా అత్తగారు గిన్నెలో కందిపప్పు పెట్టి గంటన్నర ఎదురుచూశారు. చివరికి పప్పు కాదు, పప్పు నానబెట్టిన నీళ్ళు తిన్నాం.

అలాగే, నీలగిరి జిల్లాలో వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం, చెక్‌పోస్టుల దగ్గర చూస్తారు. స్టీలు సీసాలు పట్టుకెళ్ళండి.

మాడరేటర్:
డ్రైవర్ల నంబర్లు, హోటల్ పేర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. ప్రైవేటు మెసేజ్ చేసుకోండి.

గోదారిగట్టు:
ఇంత సమాచారం వస్తుందనుకోలేదు. తేదీలు ఫిబ్రవరికి మార్చాం. మేట్టుపాళయం బండి టికెట్లు ఎనిమిది నిమిషాల్లో వెయిటింగ్‌లోకి పోయాయి, కూనూరు ముక్కే గతి. కూనూరులో దేనికి ఎంత టైము ఇవ్వాలి?

కొండదారి:
రోజంతా ఇవ్వండి. కూనూరు దాదాపు 1,850 మీటర్లే, ఊటీ కంటే చలి తక్కువ, రద్దీ కూడా తక్కువ. సిమ్స్ పార్క్ 1874 నాటిది, పాత పాత చెట్లు. అదీ వాలే, పై గేటు దగ్గరే బెంచీ చూసుకుని అమ్మగారిని కూర్చోబెట్టండి, పిల్లలు కింద కొలను దాకా దిగి వస్తారు. డాల్ఫిన్స్ నోస్ దాకా కారు వెళ్తుంది, అక్కడి నుంచి ఎదురుగా క్యాథరిన్ జలపాతం సన్నగా దారంలా కనిపిస్తుంది. ల్యాంబ్స్ రాక్ దగ్గర రాళ్ళ దారి ఉంది, అమ్మగారికి వద్దు. కోతులున్నాయి, చేతిలో తినేవి పట్టుకుని నడవకండి.

టీ ఫ్యాక్టరీ ఒక్కటి చాలు, మిషన్లు నడుస్తున్నప్పుడు వెళ్ళండి. ఆకు వాడబెట్టడం, నలపడం, గాలికి రంగు మారనివ్వడం, ఎండబెట్టడం, వరసగా చూస్తే అర్థమవుతుంది. మనం రోజూ తాగే గుండ్రటి పొడి వేరు, ఆకు ఆకుగా చుట్టుకున్నది వేరు. రెండోది పాలు పొయ్యకుండా ఒకసారి తాగి చూడండి.

ఊటీలో బొటానికల్ గార్డెన్‌కి సగం పూట. 1848లో మొదలైంది. కింద పచ్చిక సమంగా ఉంటుంది, పైకి ఎక్కక్కర్లేదు. రెండు కోట్ల ఏళ్ళ నాటి రాయైపోయిన చెట్టు మొద్దు ఉంది, పిల్లలకి చూపించండి. దొడ్డబెట్ట 2,637 మీటర్లు, నీలగిరుల్లో అన్నిటికంటే ఎత్తు. వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కాక మబ్బు కమ్మేస్తుంది.

వానచినుకు:
నీలకురింజి పూలు ఫిబ్రవరిలో కనిపిస్తాయా?

చెట్టుకొమ్మ:
లేదండీ. పన్నెండేళ్ళకోసారి పూస్తుంది. పెద్ద ఎత్తున 2006లో, 2018లో పూసింది. ఇక 2030 వర్షాకాలం చివర్లో చూడాలి. ఏటా పూసే చిన్న కురింజి రకాలు వేరే ఉన్నాయి, వాటిని చూపించి ఇదే అది అని చెప్పేవాళ్ళూ ఉన్నారు.

గోదారిగట్టు:
నిన్ననే తిరిగొచ్చాం. చెప్పినవాళ్ళందరికీ రిపోర్టు బాకీ కదా.

సోమవారం కూనూరులో కారు దిగి చిన్న రైలు ఎక్కాం. అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఊటీ వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. బాగాలేదేమో అనుకుని కంగారు పడ్డాను. స్టేషన్‌లో దిగాక "మళ్ళీ వెనక్కి ఇదే బండిలో వెళ్ళొచ్చా?" అంది. బుధవారం అలాగే దిగాం. కూనూరులో పట్టాలపిచ్చి గారు చెప్పినట్టు ఆవిరి ఇంజన్ తగిలించడం చూశాం. మా వాడు ఇంజన్ కింది వైపే ఎందుకుందో అక్కడున్న ఒక తమిళ తాతగారికి తెలుగులో వివరించాడు. ఆయన అంతా విని "కరెక్ట్" అన్నారు.

మంగళవారం గార్డెన్‌లో మూడు గంటలు కూర్చున్నాం. రాయైన చెట్టు కంటే దాని చుట్టూ తిరుగుతున్న ఉడత మా వాడికి నచ్చింది. టెలిస్కోప్ రోడ్డు మీద నుంచి చూశాం, అమ్మాయి నోట్‌బుక్‌లో 11 డిగ్రీలు అని రాసుకుని బొమ్మ గీసింది.

ఇక నీలగిరి చెట్లు. తిరిగొచ్చేటప్పుడు తోపు పక్కన డ్రైవర్ బండి ఆపాడు. అమ్మ దిగి పైకీ కిందకీ చూసి, "ఓరి, ఇది మన జామాయిల్ తోటే కదరా! దీని కోసమా ఇంత దూరం?" అంది. చెట్టుకొమ్మ గారి మాట గుర్తొచ్చి కింద రాలిన కొమ్మ నుంచి లేత ఆకు నలిపి ఇచ్చాను. వాసన చూసింది. ఇంకో ఆకు నలిపింది. "కాదులే, ఇది వేరే" అని ఆకులు నాలుగు కొంగున ముడేసుకుంది. సీసా కూడా కొన్నాం. రైల్లో ఆ సీసా మూత వదులై బ్యాగులో బట్టలన్నీ అదే వాసన. రెండుసార్లు ఉతికాం, పోలేదు.

మందులపెట్టె:
అమ్మగారి మోకాళ్ళు?

గోదారిగట్టు:
చలికి పొద్దున్నే పట్టేసేవి, వేడినీళ్ళ సంచి పెట్టుకుంటే పది గంటలకల్లా సర్దుకునేది. వాంతులు చేసుకుంది నేను. ఫోన్ చూశాను.

బెజవాడబండి:
అంతా బాగుంది కానీ, చివరికి పద్నాలుగులో ఎన్ని అయ్యాయి?

గోదారిగట్టు:
ఐదున్నర. బొటానికల్ గార్డెన్, టీ ఫ్యాక్టరీ, సిమ్స్ పార్క్, డాల్ఫిన్స్ నోస్, పిల్లల ఏడుపు భరించలేక చాక్లెట్ ఫ్యాక్టరీ. అర అంటే దొడ్డబెట్ట. మావాడు లేవలేదు, పదకొండింటికి వెళ్ళాం, మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు.

బెజవాడబండి:
ఆరింటికి లేవమని చెప్పానా లేదా!